కార్పొరల్ మార్ష్ వచ్చే సాయంత్రాలు

గ్యాసు పొయ్యి మంట మీద చెంచాను వేడి చేసి, దాని వీపుతో పాత నల్లబూటు ముందుభాగాన్ని ఇస్త్రీ చేస్తున్నట్టు రుద్దే మనిషిని నేను మొట్టమొదటిసారి చూసింది 1975 చివరలో, ఇంగ్లండులో, లాంకషైర్‌లోని ఒక చిన్న మిల్లు ఊళ్లో. ఆయన మా ఇంటి యజమాని. నేను డాక్టరుగా పనిచేసే ఆసుపత్రికి పది నిమిషాల నడకలో ఉన్న ఆయన ఇంట్లో, మేడమీది గదిలో నేను అద్దెకు ఉండేవాణ్ణి. అప్పుడే టీవీలో ముగిసిన ఒక హాస్య ధారావాహిక భాగంలో, సైన్యంలో కొత్తగా చేరిన కుర్రవాళ్లు మంచాల మీద వరసగా కూర్చుని బూట్లకు మెరుగు పెడుతూ తెగ హైరానా పడుతుంటే, బూట్లు తుడవడానికి అంత యాతన ఎందుకని నేను అమాయకంగా అడిగాను. నోటితో చెప్పడం తన వల్ల కాదనుకున్నారో ఏమో, ఆయన లేచి, మెట్ల కింద అరలోంచి తోట పనికి వాడే పాత బూటు ఒకటి వెతికి తెచ్చి, నన్ను వంటింట్లోకి రమ్మన్నారు.

సైన్యంలో ఇచ్చే బూటు తోలు నున్నగా ఉండదట. ఒళ్లంతా సన్నని బొడిపెలతో గరుకుగా ఉంటుంది. ముందు ఆ బొడిపెలను వేడి చెంచాతో నొక్కి చదును చేయాలి. తరువాత మెత్తని గుడ్డను చూపుడువేలికి బిగుతుగా చుట్టి, దానికి నల్ల పాలిష్‌ను చాలా కొద్దిగా అద్ది, బూటు మీద ఒక్క ఉమ్మి తుంపర వేసి, అర్ధణా అంత సున్నాలు చుడుతూ రుద్దాలి. ఆ పొర ఆరాక మరొక పొర, దాని మీద ఇంకొకటి. తెల్లవారి తనిఖీకి వచ్చిన కార్పొరల్ వంగి చూస్తే అతని ముఖం అతనికే కనబడాలి. దీనిని వాళ్ల భాషలో 'బుల్లింగ్' అంటారని, ఒక జత బూట్లకు ఎన్ని సాయంత్రాలు పట్టేవో లెక్క లేదని చెబుతూ, ఆయన ఆ తోట బూటు మీద బొటనవేలంత మేర అద్దంలా చేసి చూపించారు. ఆ చెంచా తమ పెళ్లినాటి జతలోనిదని ఇంటావిడ కేకలు వేసేదాకా మా ఇద్దరికీ ఒంటి మీద తెలివి లేదు.

ఆ ధారావాహిక పేరు 'గెట్ సమ్ ఇన్'. థేమ్స్ టెలివిజన్ వారు తీయగా ఐటీవీలో 1975 నుంచి 1978 దాకా ఐదు విడతలుగా వచ్చింది. జాన్ ఎస్మండ్, బాబ్ లార్బీ అనే జంట రచయితలు దీనిని రాశారు. అదే 1975లో బీబీసీలో మొదలై ఊరూవాడా చెప్పుకున్న 'ద గుడ్ లైఫ్' కూడా వీళ్లదే. పెరట్లో కూరగాయలు పండించుకునే దంపతుల కథ రాసిన చేతులే ఈ బ్యారక్ కథ కూడా రాశాయంటే నాకు చాలాకాలం నమ్మబుద్ధి కాలేదు. ఆ పేరుకు అర్థం కూడా ఇంటి యజమానే చెప్పారు. కొత్తగా చేరిన కుర్రవాడు ఏదైనా నోరు విప్పితే, వాడికంటే ఆరు వారాలు ముందు చేరిన మరో కుర్రవాడు, ముందు కాస్త సర్వీసు వెనకేసుకుని రారా, ఆ తరువాత మాట్లాడుదువు గాని, అనే ధోరణిలో విసిరే మాట అది. మన పెద్దవాళ్లు నీకంటే నాలుగు ఉగాది పచ్చళ్లు ఎక్కువ తిన్నవాణ్ణి అంటారే, సరిగ్గా అదే. అయితే అక్కడ పచ్చళ్ల లెక్క సంవత్సరాల్లో కాదు, వారాల్లో ఉండేది.

ఈ సర్వీసు ఏమిటో నాకు అప్పటికి సరిగ్గా తెలియదు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక కూడా బ్రిటన్ నిర్బంధ సైనిక సేవను, అంటే నేషనల్ సర్వీస్‌ను, వదులుకోలేదు. 1947 నాటి చట్టం 1949 జనవరి నుంచి అమలులోకి వచ్చి, పద్దెనిమిదేళ్లు నిండిన ఆరోగ్యవంతులైన కుర్రవాళ్లందరినీ పిలిచింది. మొదట ఏడాదిన్నర అనుకున్నది, కొరియా యుద్ధం మొదలయ్యాక 1950లో రెండేళ్లయింది. బొగ్గుగనుల్లో, పొలాల్లో, వర్తక నౌకల్లో పనిచేసేవారికి మినహాయింపు ఉండేది. చదువుకునేవారు, పనులు నేర్చుకునేవారు వాయిదా వేయించుకోవచ్చు గాని తప్పించుకోలేరు. సాదా సిపాయికి మొదట్లో వారానికి 28 షిల్లింగులు, అంటే ఒకటిన్నర పౌను కూడా కాదు. 1960తో పిలుపులు ఆగిపోయాయి, ఆఖరివాడు యూనిఫాం విప్పింది 1963 మేలో. మొత్తం మీద ఇరవై లక్షల మంది ఈ జల్లెడలోంచి వచ్చారు. మా ఇంటి యజమాని 1956 మొదట్లో పిలుపు అందుకుని, యార్క్‌షైర్‌లోని క్యాటరిక్ శిబిరంలో శిక్షణ పొంది, 1958లో ఇంటికి వచ్చారు. అంటే నేను ఆయనను ఎరిగేనాటికి ఆయన వయసు నలభై కూడా లేదు. ఇరవై ఏడేళ్ల నా కంటికి మాత్రం ఆయన నడివయసు దాటిన పెద్దమనిషిలా కనిపించేవారు.

'గెట్ సమ్ ఇన్' కథ 1955 నాటిది, అందులోనిది పదాతిదళం కాదు, రాయల్ ఎయిర్ ఫోర్స్. విమానదళమన్నమాటే గాని, విమానం ఎక్కేవాడు అందులో ఒక్కడూ లేడు. స్కెల్టన్ అనే కల్పిత శిబిరానికి నలుగురు కుర్రవాళ్లు వచ్చిపడతారు. గ్రామర్ స్కూల్లో చదివిన కెన్ రిచర్డ్సన్ అన్నిటికీ తర్కం వెతుకుతాడు. జేకీ స్మిత్ జుట్టు నుదుటిపైకి ఎత్తుగా దువ్వి, ఎవరినీ లెక్కచేయని లండన్ టెడ్డీబాయ్, అంటే ఆనాటి సోకుల కుర్రవాడు. మాథ్యూ లిల్లీ చర్చి పాస్టరు గారి అబ్బాయి, చీమకు కూడా దారి ఇచ్చే రకం. బ్రూస్ లెకీ స్కాట్లండ్ వాడు. ఈ నలుగురి నెత్తిన కూర్చున్నవాడు కార్పొరల్ పెర్సీ మార్ష్. టోనీ సెల్బీ అనే నటుడు ఆ పాత్రను చేశాడు. అంతకు పదేళ్ల ముందు ఆయన లండన్ రంగస్థలం మీద చాలా గంభీరమైన నాటకాలలో వేసినవాడని తరువాత తెలిసింది. మార్ష్ గడ్డం ముందుకు చాచి, కళ్లు చికిలించి, ఎదుటివాడి ముక్కుకు తన ముక్కు ఆనేంత దగ్గరగా వచ్చి, ఒక్కొక్క మాటనూ నమిలి ఉమ్మేవాడు. రెండు గీతల చిన్న ఉద్యోగి, భుజం మీది ఆ రెండు గీతలు తప్ప లోకంలో తనకంటూ ఏమీ లేనివాడు. ఇంటికి వెళితే భార్య ఆలిస్ ముందు నోరెత్తలేడు. ఆ సంగతి నలుగురు కుర్రవాళ్లకూ తెలుసు, తెలుసని అతనికీ తెలుసు. తమాషా అంతా అక్కడే పుట్టేది.

కార్పొరల్ అంటే అంత భయమెందుకు, పైన సార్జెంటు, ఆపైన అంతమంది ఆఫీసర్లు ఉన్నారు కదా, అని నేనొకసారి అడిగితే, రెండేళ్లలో తాను తన కర్నల్‌ను మూడుసార్లు దూరం నుంచి చూశానని, కార్పొరల్ మాత్రం తాను నిద్ర లేచే మంచం పక్కనే నిలబడి ఉండేవాడని ఇంటి యజమాని చెప్పారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడనే సామెత నాకు గుర్తుకు వచ్చింది. దాన్ని ఇంగ్లీషులోకి తిప్పి చెబితే ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, ఆ తరువాత మార్ష్ తెర మీదికి వచ్చిన ప్రతిసారీ, అదుగో పూజారి గారు వేంచేశారు, అనడం మొదలుపెట్టారు. 'పూజారి' అన్న మాటను ఆయన పలికిన తీరు మాత్రం మనవాళ్లెవరూ పోల్చుకోలేరు.

నాకు ఇదంతా పూర్తిగా పరాయి సంగతేమీ కాదు. 1962 చైనా యుద్ధం తరువాత, 1963 నుంచి కాలేజీ కుర్రవాళ్లకు ఎన్.సి.సి. తప్పనిసరి చేశారు. కాకినాడలో పీయూసీ చదివే రోజుల్లో గంజి పెట్టిన ఖాకీ నిక్కరు తొడల మీద రంపంలా కోస్తుండగా, మేం ఉస్తాదని పిలుచుకునే ఉత్తరాది హవల్దారు ఒకాయన సావధాన్, విశ్రామ్ అని అరుస్తుంటే, దాయే ముడ్ అన్నప్పుడల్లా ఎడమకు తిరిగి తిట్లు తిన్నవాణ్ణి నేను. బెల్టు బిళ్లను బ్రాసోతో తోమే పని మా చెల్లెలికి అప్పగించి, జీతంగా పెరేడ్ తరువాత ఇచ్చే పూరీల్లో రెండు కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చి ఇచ్చేవాణ్ణి. లాంకషైర్‌లో ఇంటి యజమాని వంటింటి అరలో అదే బ్రాసో డబ్బా కనబడినప్పుడు, వేల మైళ్ల అవతల ఒక చుట్టం ఎదురుపడినట్టయింది. మా ఉస్తాదు కూడా మార్ష్ లాగే నడుము మీద చేతులు పెట్టుకుని, బొటనవేళ్లు ముందుకు ఉంచి నిలబడేవాడు. ఈ భంగిమ అక్కడి నుంచి ఇక్కడికి వచ్చిందో, దీన్ని నేర్పే బడి ఎక్కడైనా ఉందో నాకు తెలియదు గాని, అధికారం చిన్నదయ్యే కొద్దీ మోచేతులు పక్కకు విస్తరిస్తాయని మాత్రం రెండు చోట్లా గమనించాను.

ఇక్కడ ఇంకొక ముచ్చట చెప్పాలి. నేను 1974లో ఆ దేశంలో దిగేనాటికి మన తెలుగు గడ్డ మీద టెలివిజనే లేదు. హైదరాబాదుకు దూరదర్శన్ వచ్చిందే 1977లో. కాబట్టి, ఒక పెట్టె ముందు ఇంటిల్లిపాదీ చేరి, అరగంటపాటు ఒకే చోట నవ్వడమనే అనుభవమే నాకు కొత్త. మూడే మూడు చానళ్లు ఉండేవి. నిన్న రాత్రి ఏమి చూశావని మర్నాడు వార్డులో ఎవరూ అడగనక్కరలేదు, అందరూ చూసినది ఒకటే. మందుల బండి తోసే మనిషి మార్ష్ గొంతుతో ఒక కేక వేస్తే, యాభై ఏళ్ల రోగి ఒకాయన మంచం మీదే నిటారుగా లేచి కూర్చుని, చేతులు దుప్పటి మీద సరిచేసుకోవడం నా కళ్లారా చూశాను. తరువాత ఇద్దరూ నవ్వుకున్నారనుకోండి. కాని ఆ లేవడం నవ్వుకు ముందే, ఆయన ప్రమేయం లేకుండానే, వెన్నెముకలోంచి జరిగిపోయింది.

కథలో ఆ నలుగురూ ప్రాథమిక శిక్షణ ముగించుకుని నర్సింగ్ అటెండెంట్ల శిక్షణకు వెళ్లడం, మార్ష్ అక్కడ కూడా వాళ్లకు శనిలా తగులుకోవడం డాక్టరునైన నాకు మరీ నచ్చేది. బెడ్‌పాన్‌ను కూడా తుపాకీలా భుజానికెత్తి కవాతు చేయించగలరు వీళ్లు, అనుకునేవాణ్ణి. ఈలోగా జేకీ స్మిత్ వేషం వేసిన రాబర్ట్ లిండ్సే, 1977లో బీబీసీలో మొదలైన 'సిటిజన్ స్మిత్'లో నాయకపాత్రకు వెళ్లిపోయాడు. చివరి విడతలో ఆ పాత్రను కార్ల్ హౌమన్ చేశాడు. అతడు చెడ్డగా చేయలేదు. కాని మా ఇంటి యజమాని అతణ్ణి చివరిదాకా అంగీకరించలేదు, బదిలీ మీద వచ్చినవాడని అనేవారు. నాకు కూడా లిండ్సే కళ్లలోని ఆ తుంటరితనం పోయాక కథలో కాస్త ఉప్పు తగ్గినట్టే ఉండేది.

ఈ బాపతు కథలకు మూలపురుషుడు మాత్రం 'గెట్ సమ్ ఇన్' కాదు, 'ది ఆర్మీ గేమ్'. నేను పుట్టిన ఊరిలో కరెంటు కూడా సరిగ్గా లేని రోజుల్లో, 1957 నుంచి 1961 దాకా గ్రెనాడా వారు ప్రసారం చేసిన ధారావాహిక అది. తొలిరోజుల్లో ప్రత్యక్షప్రసారమే గనుక నటులు మాట మరిచిపోతే దేశమంతా చూసేది. నెదర్ హోపింగ్ అనే కల్పిత గ్రామంలో, సైన్యానికి అక్కరలేని సామాను పడేసే డిపోలో, 29వ నంబరు గుడిసెలో ఉండే కొంతమంది నేషనల్ సర్వీస్ బద్ధకస్తుల కథ. నేను చూసింది చాలా ఏళ్ల తరువాత, మిగిలిన కొన్ని భాగాలను మాత్రమే. చాలావరకు ఆ రోజుల్లోనే చెరిగిపోయాయి. ఇంటి యజమాని నోట విన్నదే నాకు ఎక్కువ. బెర్నార్డ్ బ్రెస్లా అనే ఆరడుగుల ఏడంగుళాల నటుడు, మందమతి పాపల్‌వెల్ వేషంలో, అందరూ కసిరినప్పుడు దీనంగా, నేను ఊరికే అడిగానంతే, అనేవాడట. ఆ ఒక్కమాట దేశమంతా ఊతపదమై కూర్చుంది. ఆ ఊతపదం పేరుతోనే 1958లో సినిమా కూడా వచ్చింది. ఆల్ఫీ బాస్ వేసిన బిస్లీ పాత్రకు కాళ్ల బాధ పేరుతో బూట్ల నుంచి మినహాయింపు ఉండేది, గుడ్డబూట్లతో తిరిగేవాడు. ఒక డాక్టరు చీటీ మనిషికి అంత కీర్తి తేగలదని నేను ఏ పాఠ్యపుస్తకంలోనూ చదవలేదు. నేను రాసిన మెడికల్ సర్టిఫికెట్లన్నిటినీ కలిపినా దాని ముందు బలాదూరే.

ఆ గుడిసె మీద గర్జించే సార్జెంట్ మేజర్ బులిమోర్‌గా వేసిన విలియం హార్ట్‌నెల్, 1958లో వచ్చిన 'క్యారీ ఆన్ సార్జెంట్' సినిమాలో కూడా సార్జెంటే. పదవీ విరమణకు ముందు తన ఆఖరి దళాన్ని మొదటి స్థానంలో నిలబెడతానని 50 పౌన్లు పందెం కాసి, దేశంలోని అసమర్థులంతా తనకే దొరికారని తలపట్టుకునే పాత్ర అది. ఆయనే 1963లో, కాలంలో ప్రయాణించే డాక్టరు కథ 'డాక్టర్ హూ'కి మొట్టమొదటి డాక్టరయ్యాడు. అరిచి అరిచి అలసిపోయిన మనిషి చివరికి కాలంలో ఎటైనా పారిపోయే యంత్రం ఎక్కాడన్నమాట, అని ఇంటి యజమాని అనేవారు. 'ఆర్మీ గేమ్' ముగియక ముందే, బూట్సీ అని పిలిచే ఆ బిస్లీ, సార్జెంట్ మేజర్ స్నజ్ ఇద్దరూ యూనిఫాంలు విప్పేసి, 'బూట్సీ అండ్ స్నజ్'లో ఒక పెద్దమనుషుల క్లబ్బులో పనివాళ్లుగా తేలారు. బయటి ప్రపంచంలో కూడా స్నజ్ సార్జెంట్ మేజరులాగే ప్రవర్తించడం, బూట్సీ అతణ్ణి వదిలి పోలేకపోవడం అందులోని మెలిక. నాకు అది నవ్వుకంటే జాలి ఎక్కువ కలిగించింది.

ఈ పద్దులో అందరూ కలిపేసేది, నేను కలపడానికి కాస్త తటపటాయించేది 'ఇట్ ఏంట్ హాఫ్ హాట్ మమ్'. ఇది శాంతికాలపు నేషనల్ సర్వీస్ కథ కాదు, 1945లో యుద్ధం కోసం పట్టుకొచ్చిన కుర్రవాళ్ల కథ. మొదట్లో జరిగేది మన దేశంలో, నాసిక్ దగ్గరి దేవ్‌లాలీలో. సైనికులకు పాటలు, నాటకాలు వేసి చూపించే దళంలో చేరి అడవికీ తూటాకూ దూరంగా ఉండాలని వాళ్ల తాపత్రయం. వాళ్లను ఎలాగైనా యుద్ధానికి పంపాలని మీసాల సార్జెంట్ మేజర్ విలియమ్స్ పంతం. రచయితల్లో ఒకరైన జిమ్మీ పెరీ స్వయంగా దేవ్‌లాలీలో అలాంటి దళంలో పనిచేసినవాడు. నేను బ్రిటన్‌లో దిగిన ఏడాదే, 1974 జనవరిలో మొదలై ఆ ధారావాహిక 1981 దాకా నడిచింది. విలియమ్స్ వేషధారి విండ్సర్ డేవిస్, పొట్టి గాయకుడి వేషం వేసిన డాన్ ఎస్టెల్ కలిసి పాడిన 'విస్పరింగ్ గ్రాస్' 1975లో దేశంలో మొదటి స్థానానికి చేరింది. మా ఇంటావిడ బట్టలు ఆరేస్తూ ఒక ఎండాకాలమంతా అదే పాడేది.

అందులో బేరర్ రంగీరామ్‌గా వేసిన మైఖేల్ బేట్స్ తెల్లవాడు. ముఖానికి రంగు పూసుకున్నాడు. ఝాన్సీలో పుట్టి, చిన్నప్పుడే మన దేశపు భాష మాట్లాడి, యుద్ధంలో బర్మాలో పనిచేసినవాడు గనుక ఆ హిందుస్తానీ అక్కడక్కడ అచ్చంగా ఉండేది. మేము బ్రిటిషువాళ్లం, అంటూ రంగీరామ్ గుండె విరుచుకుని సాటి భారతీయులను చిన్నచూపు చూస్తుంటే నేను నవ్వానని ఒప్పుకోవాలి. అలాంటి మనిషిని రైల్వే కాలనీల్లో, కలెక్టరాఫీసు వరండాల్లో చూసినవాణ్ణే కదా. కాని మర్నాడు ఆసుపత్రిలో సహోద్యోగి ఒకడు నన్ను ఆ పేరుతో పిలిచి, తల ఊపమని అడిగినప్పుడు ఆ నవ్వు గొంతులో అడ్డుపడింది. ఇప్పుడు బీబీసీ దానిని మళ్లీ చూపించదు. చూపించకపోతే నాకేమీ లోటు లేదు. అయినా ప్రతి భాగం చివర చాయ్‌వాలా పాట అందుకోగానే సార్జెంట్ మేజర్ పెట్టే ఆ పొలికేక నా చెవుల్లో ఇంకా ఉంది. వద్దన్నా పోదు.

ఆ ఊరి పేరు మాత్రం నాకు ఒక బహుమతి ఇచ్చింది. ఎవరికైనా మతి కాస్త తప్పిందని చెప్పడానికి లాంకషైర్‌లో 'డులాలీ' అనేవారు. అది దేవ్‌లాలీయేనని, ఓడ కోసం నెలల తరబడి అక్కడ ఎదురుచూసి విసిగి వెర్రెత్తిన సిపాయిల నుంచి ఆ మాట పుట్టిందని, పూర్తి రూపం 'డులాలీ ట్యాప్' అని ఇంటి యజమాని చెప్పినప్పుడు, ట్యాప్ అంటే నీళ్ల కుళాయి కాదండీ, మా తాపమే, జ్వరం, అని నేను సరిదిద్దాను. మూడేళ్లలో ఆయనకు ఇంగ్లీషు మాట ఒకటి నేను చెప్పగలిగింది ఆ ఒక్కసారే.

ఇంటి యజమాని టీవీ చూస్తుంటే నేను టీవీతో పాటు ఆయనను కూడా చూసేవాణ్ణి. డాక్టర్లకు అది రోగం. మార్ష్ అరుపులకు, పెరేడ్‌లో కాళ్లు తప్పినందుకు, వంటశాలలో బంగాళాదుంపల కొండ ముందు కూర్చోబెట్టినందుకు ఆయన కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వేవారు. దీపాలు ఆర్పేశాక చీకట్లో కుర్రవాళ్లు గుసగుసలాడుకునే దృశ్యం వస్తే మాత్రం నవ్వేవారు కాదు. స్టూడియోలో జనం నవ్వుతున్నా ఆయన పైపు వెతుక్కునేవారు. ఒకసారి ఆయనే చెప్పారు. క్యాటరిక్‌లో మొదటి రాత్రి ముప్ఫైమంది కుర్రవాళ్లున్న గదిలో దుప్పటి కింద ఎవరో ఏడుస్తుంటే అందరూ విన్నారు, తెల్లవారాక ఎవరూ ఆ మాట ఎత్తలేదు. "అది నువ్వా, నేనా అని ఇప్పటికీ నాకు అనుమానమే, డాక్," అన్నారు. గదిలో లేని నన్ను ఆ లెక్కలో ఎందుకు కలిపారో గాని, అది నాకు గౌరవంగానే తోచింది.

శిక్షణ తరువాత ఆయనను సైప్రస్‌కు పంపారు. 1950ల రెండో సగంలో అక్కడ బాంబులు, కాల్పులు నిత్యకృత్యం. ఆ ద్వీపం గురించి ఆయన చెప్పినవి మూడే. నారింజలు చవక, సముద్రం వెచ్చన, రాత్రి కాపలా చలి. ఇంకేమైనా అడిగితే లేచి టీ నీళ్లు పెట్టేవారు. రోగి చరిత్ర రాసుకోవడం అలవాటైన నాకు, ఏమీ లేదు డాక్టర్ అన్నమాట ఎప్పుడు నిజమో, ఎప్పుడు తలుపు వేయడమో తెలుసు. కాబట్టి ఆయన చరిత్రలో రెండో పేజీ నా దగ్గర ఖాళీగానే ఉండిపోయింది.

ఆ పేజీ ఆ ధారావాహికలలోనూ ఖాళీయేనని నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది. కొరియా, మలయా, కెన్యా, సైప్రస్, సూయెజ్, అన్నిచోట్లకూ ఈ పద్దెనిమిదేళ్లవాళ్లే వెళ్లారు. పోరాటాల్లో చనిపోయిన నేషనల్ సర్వీస్ కుర్రవాళ్లు 395 మందని లెక్క. 'ఆర్మీ గేమ్' వస్తున్న సాయంత్రాల్లోనే సైప్రస్‌లో కుర్రవాళ్లు కాపలా కాస్తున్నారు. 29వ నంబరు గుడిసెవాళ్లు మాత్రం పని ఎలా ఎగ్గొట్టాలన్న ఆలోచన తప్ప ఎరగరు. దీనిని నేను తప్పుగా ఎంచను. ఇంటి యజమాని తల్లి, కొడుకు సైప్రస్‌లో ఉండగా, పొరుగువారి ఇంట్లో ఆ కార్యక్రమం చూసి ఒక ఉత్తరం రాసిందట. మీ సైన్యాన్ని టీవీలో చూశాను, బాగానే కాలక్షేపం చేస్తున్నారు, ఆ సార్జెంట్ మేజర్‌కు ఎదురు చెప్పకు, తిండి మరీ అంత అధ్వాన్నంగా ఉండదనుకుంటాను, అని. ఆ ఉత్తరాన్ని గుడారంలో బిగ్గరగా చదివితే అందరూ పడీపడీ నవ్వారని, తన రెండేళ్లలో అంతటి హాస్యం మరొకటి లేదని ఆయన చెప్పేవారు. జవాబులో, అవునమ్మా, అచ్చం అలాగే ఉంటుంది, అని రాశారట.

నేను 1977లో ఆ ఊరు వదిలి వేరే ఆసుపత్రికి వెళ్లిపోయాను. క్రిస్మస్ కార్డులు మాత్రం మానలేదు. పాత ధారావాహికలు డిస్కుల మీద దొరకడం మొదలయ్యాక, 'గెట్ సమ్ ఇన్' మొత్తం కొని, ఒక నవంబరులో ఆ ఇంటికి పట్టుకెళ్లాను. ఆయనకు డెబ్బై దాటాయి, వినికిడి తగ్గింది. మార్ష్ అరుపు ఇల్లంతా దద్దరిల్లేలా పెట్టుకుంటే, ఇంటావిడ వంటింట్లోంచి ఆ మనిషిని నోరు మూసుకోమనమని అంతకంటే గట్టిగా అరిచింది. ఆయన నవ్వారు గాని, మునుపటంత కాదు. ఆయన దృష్టంతా తప్పుల మీదే ఉంది. కుర్రవాళ్ల జుట్టు 1955కి మరీ పొడుగు, బెరెట్ పెట్టుకునే తీరు అది కాదు, ఇంక మంచం మీద దుప్పట్ల మడత అయితే ఏ కార్పొరల్ అయినా కిటికీలోంచి విసిరేసేటట్టు ఉంది. ఈ దుప్పట్ల సంగతి నాకు ఆనాడే చెప్పి ఉన్నారు. దుప్పటి, పక్కగుడ్డ, దుప్పటి, పక్కగుడ్డ, ఇలా ఒకదాని మీద ఒకటి సమానంగా మడిచి పేర్చి, చుట్టూ మరొక దుప్పటి బిగించి, అట్టముక్కలు దూర్చి, ఇటుకలా మూలలు తేలేటట్టు చేయాలి. తెల్లవారి మళ్లీ అంత పని పెట్టుకోలేక, మడతను మంచం మీదే వదిలేసి నేల మీద పడుకునేవారట చాలామంది.

ఆ రాత్రి నేను పైకి వెళ్లేసరికి, నా పాత గదిలో మంచం మీద ఆయన ఆ ఇటుకను కట్టి పెట్టి ఉన్నారు. మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కి ఎప్పుడు వచ్చారో నాకు తెలియలేదు. నాలుగు మూలలూ గీత గీసినట్టు ఉన్నాయి, లోపల అట్టకు బదులు అల్పాహారపు తృణధాన్యాల పెట్టె ముక్కలు కనబడుతున్నాయి. దాన్ని విప్పడానికి నాకు చేతులు రాలేదు. కోటు కప్పుకుని, తివాచీ మీద పడుకున్నాను.